దిష్టి తగిలిన రుసుము

ఆ రోజు ఉదయం ఆరు గంటలకు మా శంఖాలరేవు దీపస్తంభం మీద వెలిగిన అంకె తొమ్మిదివేల నాలుగువందలు.

నేను మొదట నా కళ్ళద్దాలను అనుమానించాను. పంచె అంచుతో తుడుచుకుని మళ్ళీ చూశాను. అంకె మారలేదు. ముందురోజు అక్కడ నూటఇరవై ఉంది. అంటే ఓడ దిగి మా ఊళ్ళో కాలుపెట్టే మనిషి నిన్న నూటఇరవై రూపాయలు కడితే సరిపోయేది, ఇవాళ తొమ్మిదివేల నాలుగువందలు కట్టాలి. రెండువేల ఆరువందల మందిని మోసుకొస్తున్న పెద్ద విహార ఓడ అప్పటికే దూరంగా తెల్లగా కనిపిస్తోంది.

నా పేరు మైలపల్లి ధనరాజు. ముప్పైఆరేళ్ళు ఆ స్తంభంలో దీపం చూసుకున్నాను. ఆకాశంలో ఉపగ్రహాలు ఎక్కువయ్యాక ఓడలకు మా దీపంతో పనిలేకుండా పోయింది. అప్పుడు నా కూతురు తరంగిణి దాని గోడకు ఈ వెలిగే అంకెలు బిగించింది. ఇన్నేళ్ళు దారి చూపిన స్తంభం ఇప్పుడు ధర చూపిస్తోంది. పంచాయతీ వాళ్ళు జాలిపడి నాకు జెట్టీ దగ్గర గేటు ఉద్యోగం ఇచ్చారు. టోపీ కూడా ఇచ్చారు. అది కాస్త వదులు.

విహార ఓడలు మా రేవుకు రావడం మొదలై ఆరేళ్ళయింది. మొదట్లో రుసుము తలకు యాభై రూపాయలు. వారానికి మూడు ఓడలు వచ్చేవి. జనం దిగి, ఫొటోలు తీసుకుని, దారిలో నాలుగు పకోడీలు నోట్లో వేసుకుని, అసలు భోజనానికి మళ్ళీ ఓడలోకే పోయేవారు. ఓడ మాత్రం మా బావుల నీళ్ళు ట్యాంకులకు ట్యాంకులు ఎక్కించుకునేది. సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రం దాని కడుపులోనే ఉంది, కానీ మా నీళ్ళు అంతకన్నా చవక. మూడో ఏటికి బావులు ఉప్పెక్కాయి. ఒడ్డు దగ్గర చేప కనబడ్డం మానేసింది. రుసుము వెయ్యి చెయ్యండని వలలవాళ్ళు, పెంచితే ఓడలు పక్క రేవుకి పోతాయి, మేమేం తినాలని అంగళ్ళవాళ్ళు. గ్రామసభ జరిగిన ప్రతిసారీ రెండు కుర్చీలు విరిగేవి.

అప్పుడు సముద్రశాస్త్రం చదివి విశాఖ ప్రయోగశాలలో పనిచేస్తున్న మా తరంగిణి ఊరికి వచ్చింది. "రుసుము ఎంతో మీరూ చెప్పొద్దు, వాళ్ళూ చెప్పొద్దు. రేవునే అడుగుదాం నాన్నా," అంది.

రేవుని అడగడానికి ఆమె చేసిన యంత్రానికి మూడు అవయవాలు. సముద్రం అడుగున చెవి ఉంటుంది, చేపలు చేసే చప్పుళ్ళు వింటుంది. బావిలో నాలుక ఉంటుంది, ఉప్పు రుచి చూస్తుంది. ఒడ్డున ఒక పెట్టెలో ముక్కు ఉంటుంది, అది మనుషుల ఊపిరిని వాసన పడుతుంది. కోపంగా ఉన్నవాడు వదిలే ఊపిరి వేరు, నవ్వేవాడి ఊపిరి వేరట. నేను నమ్మలేదు. స్తంభం కింద గదిలో ఆ పెట్టె ముందు నన్ను కూచోబెట్టి, "నాన్నా, పెదనాన్న పడవ పంచిన సంగతి చెప్పు," అంది. నేను రెండు మాటలు చెప్పానో లేదో తెరమీద గీత పైకి లేచి గదిలో గంట మోగింది. మా అన్నయ్య పోయి పదేళ్ళయింది. సిగ్గేసి బయటికొచ్చేశాను.

ఈ మూడు అవయవాలూ చెప్పింది కలిపి, రేవు ఎంత అలిసిపోయిందో లెక్కకట్టి, యంత్రమే రోజూ ఉదయం రుసుము నిర్ణయిస్తుంది. రేవు అలిసిపోతే రుసుము పెరుగుతుంది, తేరుకుంటే తగ్గుతుంది. తరంగిణి దానికి తీరభార సూచిక అని పేరు పెట్టింది. ఊరివాళ్ళు ముక్కుపెట్టె అన్నారు. ఒకసారి వెలిగిన అంకెను మర్నాడు ఆరుదాకా ఎవరూ మార్చకూడదు, చేసినవాళ్ళు కూడా మార్చకూడదు. ఆ నియమం తరంగిణే రాసింది.

యంత్రం పెట్టాక ఓడలు వారానికి ఒకటయ్యాయి. నీళ్ళు తాగితే నాలిక ముడుచుకోవడం తగ్గింది. కవ్వ చేపలు మళ్ళీ వలలో పడ్డాయి. ఊరంతా సంతోషమే, మా ఇంట్లో తప్ప. నా భార్య పైడమ్మకు జెట్టీ దగ్గర రొయ్యల పకోడీల అంగడి ఉంది. వారానికి మూడు ఓడల కాలంలో రెండు మూకుళ్ళు పొయ్యిమీద ఉండేవి. ఇప్పుడు ఒకటి బోర్లించేసింది. ఆ మూకుడు బోర్లించిన రోజునుంచి కూతురితో మాట్లాడ్డం మానేసింది. ఒకే వంటింట్లో నిలబడి, "మావా, నీ కూతురికి సెప్పు, సారు సల్లారిపోతన్నాదని," అనేది. కూతురు, "నాన్నా, వస్తున్నానని చెప్పు," అనేది. నేను ఇద్దరికీ మధ్య నిలబడి విన్నదే మళ్ళీ చెప్పేవాణ్ణి. మూడు నెలలు ఇదే బతుకు. నవ్వుకునేవాణ్ణి కానీ లోపల బాధగానే ఉండేది.

యంత్రాన్ని వంద రోజులు పరీక్షకు పెట్టారు. వందోరోజున పెద్ద ఓడ రావాలి, జనం దిగాలి. ఓడ జనాన్ని దింపకుండా వెళ్ళిపోతే యంత్రాన్ని పీకేసి పాత యాభై రూపాయల రుసుమే పెడతామని సర్పంచి కొవిరి రాజులమ్మ అంగళ్ళవాళ్ళకు మాటిచ్చింది. తొమ్మిదివేల నాలుగువందలు వెలిగింది ఆ వందోరోజునే.

నేను ముక్కుపెట్టె దగ్గరకు పరుగెత్తేసరికి తరంగిణి అప్పటికే అక్కడ మోకాళ్ళమీద ఉంది. పెట్టె పక్కన ఇసుకలో కుంపటి, దాన్నిండా మాడిన ఎండుమిరపకాయలు, కల్లుప్పు, ఆవాలు. వలలు బాగుచేసుకునే నలుగురు ఆ పక్కనే దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, ఎవర్నో తెగ తిడుతున్నారు. వాళ్ళ కోపమూ ఆ ఘాటూ రెండూ ముక్కులోకి ఎక్కాయి.

రాజులమ్మ రొప్పుతూ వచ్చింది. "మార్సీ అమ్మా! అది తప్పుడంకి కదేటి. ఎవులికి తెలస్తాది?"

"తప్పుడంకే పెద్దమ్మా. కానీ మంచికోసమని ఇవాళ నేను మారిస్తే, రేపు ఎవరో ఇంకో మంచికోసం మార్చమంటారు. అప్పుడు ఇది రేవు మాట కాదు, మన మాటే అవుతుంది," అంది తరంగిణి. "పీకేస్తే పీకేయండి. మార్చను."

"నానే," అంది వెనకనుంచి పైడమ్మ.

అందరం తిరిగి చూశాం. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. చూస్తున్నది నన్ను కాదు, కూతుర్నే.

"నిన్న టీవీవోళ్ళు వొచ్చినారు. ఊరూరంతా దాని సుట్టూ సేరి సూసినారు. నువ్వు రేయింబగళ్ళు కూకుని సేసిన పెట్టి కదే. ఎవులి కళ్ళు ఎలాటివో అని దిష్టి తీసినాను. ఎంతకీ ఘాటు రానేదు. ఓలమ్మో, ఇంత దిష్టి తగిలీసిందేటని ఇంకో గుప్పిడేసినాను. అయినా రానేదు. ఉన్న శేరూ ఏసీసినాను."

మిరపకాయలు మాడినా ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టని మా వైపు అందరూ నమ్ముతారు. తరంగిణి తల్లినీ కుంపటినీ పెట్టెనూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

"అమ్మా, పొద్దున్నపూట గాలి నేలమీంచి సముద్రంలోకి వీస్తుంది. నీ వీపునుంచి. పొగ నీ దగ్గరకెందుకొస్తాది? అంతా తిన్నగా దాని ముక్కులోకే పోనాది!"

చదువుకున్న భాష సగంలో జారిపోయింది. ఇంతలో ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగలేదు. ఇసుకలో కూలబడి నవ్వింది, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. పైడమ్మ ముందు బిత్తరపోయింది, తర్వాత తానూ మొదలెట్టింది. దగ్గుతున్న నలుగురికి కూడా అంటుకుంది. మూడు నెలల తర్వాత నా కూతురు తల్లిని అమ్మా అని పిలిచింది. యంత్రం పోతే పోనీ అనిపించింది నాకు ఆ నిమిషంలో.

ఓడ దూరంగా లంగరు వేసింది. చిన్న పడవలో కెప్టెన్ వచ్చింది. పేరు ఎలెని, గ్రీసు దేశంలో ఏదో చిన్న ద్వీపం ఆమెది. యాభైదాటిన మనిషి, బలమైన భుజాలు. మెడలో మాటలు తర్జుమా చేసే బిళ్ళ వేసుకుంది. దానికి తెలుగు నేర్పినవాడెవడో పాతకాలపు పంతులై ఉండాలి.

"ఓ గ్రామస్థులారా! ఈ మూల్యము మిగుల అధికముగా నున్నది. కారణమేమి?" అంది బిళ్ళ.

రాజులమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. తరంగిణి ఆపి, ఉన్నదున్నట్టు చెప్పింది. మా అమ్మ యంత్రానికి దిష్టి తీసింది అంది. బిళ్ళ కాసేపు తటపటాయించి కెప్టెన్ చెవిలో ఏదో గొణిగింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"దృష్టిదోషమా! మా ద్వీపమున మా తల్లియు నిట్లే చేయును. నీటిలో నూనెచుక్క వేయును. చుక్క చెదరినచో దోషమున్నట్లు."

"నూనా? మీ ఊర్లో మిరపకాయలు నేవా పాపం?" అంది పైడమ్మ నిజంగానే జాలిపడి.

కెప్టెన్ నవ్వింది కానీ తల అడ్డంగా ఊపింది. తన ఓడలో ఉన్నవాళ్ళు చాలామంది జీతం దాచుకుని వచ్చిన మామూలు మనుషులని, ఇంత కట్టలేరని, మధ్యాహ్నానికి వెనుదిరగక తప్పదని చెప్పింది. అంగళ్ళవాళ్ళ ముఖాలు వాడిపోయాయి. తరంగిణి పెట్టె మూతమీద చెయ్యివేసి నిలబడింది.

నాకప్పుడు గేటు దగ్గర గోడకు అంటించిన నియమాల కాగితం గుర్తొచ్చింది. రోజూ ఎనిమిది గంటలు దాని ఎదురుగా కూచుంటాను, చదవడానికి అక్కడ ఇంకేమీ లేదు. పదకొండో నియమం: ఊరి గడపలకు చుట్టాలైనవారికి రుసుము లేదు, ఇంటివారు గేటు దగ్గరకు వచ్చి వరస చెప్పాలి, తమ ఇంట భోజనం పెట్టాలి. పారాదీపునుంచీ మద్రాసునుంచీ పడవల్లో వచ్చే మా వాళ్ళకోసం రాయించిన నియమం అది.

గట్టిగా చదివాను. అందరూ తరంగిణి వైపు చూశారు. ఆమె గోడ దగ్గరకొచ్చి ఆ నియమం మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది.

"వరస చెప్పాలి. తిండి పెట్టాలి. ఆ రెండూ ఉత్తుత్తికి కాకుండా చేస్తే నియమం తప్పినట్టు కాదు," అంది.

ఆమె మాట పూర్తికాకుండానే పైడమ్మ కెప్టెన్ చెయ్యి పట్టుకుంది. "ఈ కేప్టెనమ్మ నా సెల్లి. రాసుకో మావా."

రాసుకున్నాను. మరదలు.

ఆ తర్వాత నా గేటు దగ్గర జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ పొట్ట చెక్కలవుతుంది. మూడువందల గడపలవాళ్ళు వరసకట్టి నిలబడ్డారు. పడవల్లోంచి జనం దిగుతున్నారు. "ఏ వరస?" అని నేను అడగడం, వాళ్ళు చెప్పడం. ఆరడుగుల తెల్లగడ్డపాయన వలలవాళ్ళ ఎర్రయ్యకు తోడల్లుడయ్యాడు. ఇద్దరు జపాను ముసలమ్మలు రాజులమ్మకు ఆడపడుచులయ్యారు. ఆడపడుచుల అధికారం ఎలాంటిదో బిళ్ళ వాళ్ళకు వివరించినట్టుంది, వెంటనే నడుముమీద చేతులు పెట్టుకున్నారు. ఎర్రయ్య తమ్ముడు ఒక అందమైన పిల్లని చూసి గబుక్కున మరదలన్నాడు. అతని భార్య పక్కనుంచి, "సెల్లి అని రాయి బావా, సెల్లి!" అని అరిచింది. సెల్లి అనే రాశాను. ఇంటికి ముగ్గురు చొప్పున తొమ్మిదివందల మంది చుట్టాలు ఊళ్ళోకి నడిచారు. దిగలేనివాళ్ళు ఓడ అంచున నిలబడి చేతులూపారు.

చుట్టాలింటికి ఉత్తచేతులతో పోవడం గ్రీసులోనూ తప్పేనట. ఏం తెమ్మంటారని కెప్టెన్ అడిగితే రాజులమ్మ నోరు తెరిచేలోగా తరంగిణి, "నీళ్ళు," అంది. మధ్యాహ్నానికి ఓడలోని యంత్రం చేసిన మంచినీళ్ళు గొట్టంలో మా పెద్ద తొట్టెలోకి దూకాయి. ఆరేళ్ళు మా నీళ్ళు తాగిన ఓడ మొదటిసారి మాకు నీళ్ళు పోసింది. ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వచ్చి రుచి చూసి, చప్పగా ఉన్నాయని వంకపెట్టి, మళ్ళీ నింపుకున్నారు.

ఆ రోజు మా ఊరు పెళ్ళివారి విడిదిలా ఉంది. తెల్లగడ్డపాయన వల లాగుతానని పట్టుబట్టి సముద్రంలో కూలబడ్డాడు. జపాను వదినలు రాజులమ్మ చేత మూడుసార్లు కాఫీ పెట్టించుకున్నారు. పైడమ్మ అంగడికి తాళం వెయ్యలేదు, డబ్బూ తీసుకోలేదు. చుట్టాలకు అమ్ముకుంటామా అంది. రొయ్యలు అయిపోయేదాకా వేయించి పెట్టింది. సాయంత్రం ఓడ కూత వేసినప్పుడు కెప్టెన్ ఆమెను గట్టిగా కావలించుకుంది. బిళ్ళ, "అక్కా, మరల వచ్చెదను," అంది. నేను టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాను.

ఓడ వెళ్ళిన గంటకే గ్రామసభ. జనం దిగారు, మాట నిలబడింది, యంత్రం ఉండాలన్నారు వలలవాళ్ళు. తరంగిణి లేచి మూడు అవయవాలూ ఏం చెబుతున్నాయో చదివింది. ఓడ బావినీళ్ళు తీసుకోలేదు, నాలుక బాగుంది. రోజంతా ఇంజన్లు ఆపింది, చెవి బాగుంది. ముక్కు ఇంత నవ్వు ఎప్పుడూ చూడలేదు. రేపటి రుసుము నలభైకి దిగొచ్చు. ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. అంగళ్ళవాళ్ళు మాత్రం చేతులు కట్టుకుని కూచున్నారు. రాజులమ్మ ఉంచుదామనేవాళ్ళను చేతులెత్తమంది, పీకేద్దామనేవాళ్ళను ఎత్తమంది. రెండూ సరిసమానంగా కనిపించాయి. పైడమ్మ దేనికీ ఎత్తలేదు.

"ఏటే పైడీ, నీదేటి మాట?" అంది రాజులమ్మ.

పైడమ్మ లేచింది. కూతురి వైపు తిరిగింది.

"నువ్వు నవ్వుల్లెక్క కట్టినావు. నవ్వినాం, నిజమే. సుట్టాల ముందర ఎవులేడుస్తారే? నా దగ్గిర ఇవాళ రొయ్య నేదు, డబ్బూ నేదు. రేపు పొయ్యి ఎలిగించడానికి ఏటీ నేదు. అది నీ పెట్టెకి తెలిసిందేటి?"

తరంగిణి చేతిలోని లెక్కల కాగితం వైపు చూసుకుంది.

"నీ మిషనుకి సెవున్నాది, నాలికున్నాది, ముక్కున్నాది. కడుపు నేదు."

పైడమ్మ గొంతులో కోపం లేదు, అదే అందరినీ కట్టిపడేసింది.

"దాన్ని పీకీమని నానన్ను. నీళ్ళు తియ్యగైనాయి, నాకు తెలీదా? రుసుము పెంచు. రేవు అలిసిపోతే వెయ్యి పెట్టు, రెండేలు పెట్టు. ఓడలు తక్కువొస్తే తక్కువే రానీ. ఆ డబ్బు ముందు ఎవులికెల్లాల? ఓడ రానప్పుడు మూకుడు బోర్లించుకున్నోళ్ళకి. రేవు బాగుకోసం ఆకలి పడినోళ్ళకి. బావులకీ రోడ్లకీ తరవాత. అలాగైతే నాది ఎత్తుతాను సెయ్యి."

అంగళ్ళవాళ్ళల్లో ఒకరు లేచారు, తర్వాత నలుగురు లేచారు. వలలవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఎర్రయ్య ముందుగా చెయ్యి ఎత్తి, "నాయమే కదరా," అన్నాడు. ఆ తర్వాత లెక్కపెట్టే అవసరం రాలేదు. ఆరేళ్ళలో కుర్చీ విరగకుండా ముగిసిన గ్రామసభ అదొక్కటే.

ఇంటికొచ్చాం. తరంగిణి కాగితాలు నేలమీద పరుచుకుని పెన్సిలు పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది. ఇన్నాళ్ళూ యంత్రానికి తట్టని ప్రశ్న దొరికినందుకు ఆ సంతోషం. ఏవో గీతలు గీసింది, కొట్టేసింది, మళ్ళీ గీసింది.

"నీళ్ళకి ఉప్పు కొలవొచ్చు, చేపకి చప్పుడు కొలవొచ్చు. కడుపు ఎలా కొలవడం అమ్మా?" అంది తల ఎత్తకుండానే.

పైడమ్మ ఆమె చేతిలో పెన్సిలు లాగేసి, కాగితాలు పక్కకు తోసి, కంచం పెట్టింది. వేడన్నం, కవ్వల పులుసు.

"పొద్దుటినించి పచ్చి మంచినీళ్ళు ముట్టనేదు నువ్వు. ముందు కూకుని తిను. కడుపంటే ఏటో తెలస్తాది."

తరంగిణి మూడుసార్లు అడిగి వడ్డించుకుంది.